గుట్ట చాటుకు వెళ్తే మాట అందడం లేదా? బండికి రేడియో సెట్ ఎంచుకునే పద్ధతి

ప్రశ్న: మేం అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంటాం. అయిదు తెలుగు కుటుంబాలం కలిసి వారాంతాల్లో మట్టిదారుల్లో, రాళ్ల దారుల్లో బండ్లు తోలుతుంటాం. రెండు జీప్ రాంగ్లర్లు, ఒక టయోటా ఫోర్‌రన్నర్, ఒక టకోమా, ఒక సుబారు అవుట్‌బ్యాక్. డబ్బా మీద '35 మైళ్లు' అని రాసి ఉన్న వాకీటాకీలు కొన్నాం. సెడోనా దగ్గర కొండదారిలో ముందు బండికీ వెనక బండికీ మధ్య మైలు దూరం కూడా లేదు, అయినా మాట అందలేదు. సెల్ సిగ్నల్ కూడా లేదు. వెనక బండి టైరు చీలి ఆగిపోతే ముందువాళ్లకు అరగంట దాకా తెలియలేదు. వచ్చే వసంతంలో పిల్లలతో యూటాలోని మోయాబ్ వెళ్దామనుకుంటున్నాం. 50 వాట్ల సెట్లు కొంటే సరిపోతుందా? మాలో కొందరం హెచ్-1బీ మీద ఉన్నాం, లైసెన్సు ఇస్తారా? ఆ తర్వాత డిసెంబరులో ఇండియా వెళ్లేటప్పుడు ఈ సెట్లు తీసుకెళ్లి హైదరాబాద్‌లో మా బావమరిది వాళ్ల థార్‌లలో వాడుకోవచ్చా?

సమాధానం: ముందు మీ మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబు. 50 వాట్లు అవసరం లేదు; మీ సమస్య వాట్లది కాదు, యాంటెన్నాది. లైసెన్సు హెచ్-1బీ వాళ్లకూ ఇస్తారు. ఇండియాకు మాత్రం తీసుకెళ్లకండి.

మీరు కొన్నవి ఎఫ్‌ఆర్‌ఎస్ తరగతి సెట్లు అయి ఉంటాయి. లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు అమెరికా దుకాణాల్లో ఎక్కువగా ఇవే. వాటికి 2 వాట్లు మించి ఉండకూడదు, యాంటెన్నా ఊడదీయడానికి వీలు ఉండకూడదు. అందులోనూ 8 నుంచి 14 వరకు ఉన్న చానళ్లలో అరవాటు మాత్రమే. ఆ రోజు మీరు ఏ 10వ చానల్లోనో ఉండి ఉంటే అరవాటు సెట్టుతో, అదీ ఇనుప బండి లోపల కూర్చుని మాట్లాడారన్నమాట.

ఈ తరంగాలు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోవి. ఇవి ఇంచుమించు మన చూపులాగే పోతాయి. గుట్ట అడ్డొస్తే ఆగిపోతాయి. డబ్బా మీద రాసిన 35 మైళ్లు ఒక శిఖరం మీద మీరు, ఇంకో శిఖరం మీద అవతలివారు, మధ్యలో ఖాళీ లోయ ఉన్నప్పటి లెక్క. చదును నేల మీద ఎంత దూరమో మీరే లెక్క కట్టవచ్చు: యాంటెన్నా ఎత్తును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.4తో గుణిస్తే మైళ్లు వస్తాయి. బండి టాప్ మీద ఆరడుగుల ఎత్తున యాంటెన్నా ఉంటే సుమారు మూడున్నర మైళ్లు, అవతలి బండికీ అంతే కాబట్టి రెండూ కలిపి ఏడు మైళ్లు. సీట్లో కూర్చున్న మనిషి చేతిలోని సెట్టు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. పైగా చుట్టూ రేకు. తరంగాలు అద్దాల్లోంచే బయటపడాలి. ఆ అద్దాలకు లోహపు పొర ఉన్న టింట్ వేయించి ఉంటే అదీ కష్టమే. మాట పక్కకు బాగా పోయి, ముందుకూ వెనక్కూ పోకపోవడానికి కారణం ఇదే. వరుసలో పోయే బండ్లకు కావలసినవి సరిగ్గా ఆ ముందూ వెనకలే.

వాట్లు పెంచితే ఏమవుతుంది? ఏ అడ్డూ లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. 15 నుంచి 50కి వెళ్తే నాలుగు రెట్లు కూడా కాదు. కొండ అడ్డుంటే ఆ లాభంలో చాలావరకు రాయిలోనే పోతుంది. అదే సెట్టును బండి లోపలి నుంచి తీసి, యాంటెన్నాను టాప్ మధ్యలో పెడితే తేడా మొదటి మాటకే తెలుస్తుంది. డబ్బు అక్కడ పెట్టండి.

ఇక ఏ తరగతి రేడియో అన్నది. మీకు జీఎంఆర్‌ఎస్ (ఒక లైసెన్సుతో కుటుంబమంతా వాడుకునే రేడియో తరగతి) సరిపోతుంది. సీబీ రేడియో 27 మెగాహెర్ట్జ్‌ది, లైసెన్సు అక్కర్లేదు, కానీ ఏఎంలో 4 వాట్లే, గరగర ఎక్కువ. దాని పూర్తి పావు తరంగం యాంటెన్నా 102 అంగుళాలు. చెట్ల కింద అంత కడ్డీతో బాధ, పొట్టిదాన్ని పెట్టి ట్యూన్ చేసుకోవడం ఇంకో బాధ. హ్యామ్ రేడియో (పరీక్ష పాసై అభిరుచితో వాడేది) అన్నిటికన్నా శక్తిమంతమే. అయితే మాట్లాడే ప్రతి మనిషీ పరీక్ష రాయాలి. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. కష్టమేమీ కాదు, కానీ అయిదు కుటుంబాల్లో పెద్దలూ పిల్లలూ అందరూ వసంతంలోపు రాస్తారని నమ్మి ప్రయాణం పెట్టుకోకండి. ఆసక్తి ఉన్న ఒకరిద్దరు రాస్తే సంతోషం.

జీఎంఆర్‌ఎస్‌కు పరీక్ష లేదు. ఫీజు 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది. 18 ఏళ్లు నిండిన ఎవరైనా పెట్టుకోవచ్చు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాకూడదు, అంతే. పౌరసత్వం అడగరు, గ్రీన్‌కార్డూ అడగరు. అమెరికాలో రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ సొంత వెబ్‌సైట్‌లో ముందు ఎఫ్‌ఆర్‌ఎన్ అనే నంబరు తీసుకోవాలి. అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్), అమెరికాలో ఉత్తరాలు అందే చిరునామా ఇవ్వాలి. తర్వాత అదే సంస్థ లైసెన్సు పోర్టల్‌లో 'జడ్ఏ' అనే సర్వీసు ఎంచుకుని దరఖాస్తు నింపి డబ్బు కట్టాలి. ఫీజు కట్టాక మామూలుగా కొద్ది రోజుల్లోనే కాల్‌సైన్ (రేడియోలో మీరెవరో చెప్పే గుర్తింపు) వస్తుంది. ఒక హెచ్చరిక: ఇచ్చిన పేరు, చిరునామా బహిరంగ జాబితాలో ఎవరికైనా కనిపిస్తాయి. ఇల్లు తెలియకూడదనుకుంటే పోస్టుబాక్సు చిరునామా ఇవ్వండి.

ఒక లైసెన్సు మీద ఆ కుటుంబమంతా మాట్లాడవచ్చు: భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తాతమామ్మలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తమామలు, మేనల్లుళ్లు, మేనకోడళ్లు కూడా. ఆరునెలలకు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లోంచి మాట్లాడినా తప్పు కాదు. స్నేహితులు మాత్రం ఇందులోకి రారు. అంటే మీకు అయిదు లైసెన్సులు కావాలి. తెలుగులో నిక్షేపంగా మాట్లాడుకోండి. మాటలు ముగిసినప్పుడు, పొడుగ్గా సాగితే 15 నిమిషాలకోసారి, కాల్‌సైన్‌ను మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాలి.

సెట్టు సంగతి. జీప్‌లు రెండిటికీ, ఫోర్‌రన్నర్‌కూ, టకోమాకూ బండికి బిగించే 15 లేక 20 వాట్ల సెట్ (దీన్నే మొబైల్ సెట్ అంటారు) చాలు. రాంగ్లర్ డాష్‌లో చోటు తక్కువ కాబట్టి బటన్లూ తెరా అన్నీ మైకులోనే ఉండే రకం మంచిది. మిడ్‌ల్యాండ్ ఎంఎక్స్‌టీ275 అలాంటిదే: అసలు డబ్బాను సీటు కిందో డాష్ వెనకో దాచి, మైకు ఒక్కటే పైకి పెట్టుకోవచ్చు. ఈ తరగతివి సుమారు 100 నుంచి 200 డాలర్లలో దొరుకుతాయి. 50 వాట్ల సెట్టు బాగా వేడెక్కుతుంది. అరిజోనా ఎండలో గాలి ఆడని సీటు కింద దానిని ఉంచడం నాకు ఇష్టం లేదు. అవుట్‌బ్యాక్‌కు బిగింపులేమీ వద్దనుకుంటే ఇంకో మార్గం ఉంది. 5 వాట్ల జీఎంఆర్‌ఎస్ చేతి సెట్టు కొని, దాని యాంటెన్నా విప్పి, టాప్ మీద పెట్టిన అయస్కాంతపు యాంటెన్నా తీగను తగిలించండి. ఖర్చు మొబైల్ సెట్టులో సగం కూడా కాదు, పని చాలావరకు జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: చేతి సెట్టు పైనుండే ఎస్‌ఎంఏ పిన్ను సున్నితమైనది. బరువైన తీగను నేరుగా బిగిస్తే గతుకులకు అది విరుగుతుంది. మధ్యలో మెత్తని పొట్టి తీగ ఒకటి పెట్టండి.

వీటితో పాటు బండికొకటి కాకపోయినా మొత్తం మీద రెండు మూడు చేతి సెట్లు ఉండాలి. రాళ్ల మెట్టు దగ్గర దిగి చక్రం ఎటు తిప్పాలో చెప్పే మనిషికి అది కావాలి. కొనేటప్పుడు 'జీఎంఆర్‌ఎస్‌కు ఎఫ్‌సీసీ ధ్రువీకరణ' ఉందో లేదో చూసి కొనండి. చవగ్గా దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటివి ఈ చానళ్లలో పలుకుతాయి కానీ జీఎంఆర్‌ఎస్‌కు ధ్రువీకరణ పొందినవి కావు.

ఇప్పుడు అసలు విషయం, యాంటెన్నా. ఈ తరంగం పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, కాబట్టి పావు తరంగం యాంటెన్నా ఆరంగుళాలే. చూడ్డానికి మరీ పొట్టిగా కనిపించి నమ్మకం కలగదు గానీ, ఇనుప టాప్ మధ్యలో ఉంటే ఇది అన్ని వైపులకూ సమానంగా పలుకుతుంది, కొమ్మలకు తగలదు, లోయలోంచి గట్టు మీదికి కూడా బాగా వినిపిస్తుంది. దీనికి కింద కనీసం యాంటెన్నా పొడవంత వ్యాసార్ధంతో లోహపు రేకు ఉండాలి. ఆ రేకు యాంటెన్నాకు రెండో సగం లాంటిది. అది లేకపోతే యాంటెన్నా సగమే ఉన్నట్టు.

ఫోర్‌రన్నర్, టకోమా, అవుట్‌బ్యాక్ టాప్‌లు ఉక్కువి, అయస్కాంతం పట్టుకుంటుంది. సన్‌రూఫ్ ఉంటే అద్దానికి దూరంగా వెనక భాగంలో పెట్టండి. రాంగ్లర్ దగ్గరే చిక్కు. దాని గట్టి టాప్ ఫైబర్‌ది, మెత్తని టాప్ గుడ్డది. కొత్త జేఎల్ మోడల్ బానెట్ అల్యూమినియంది, అయస్కాంతం అంటుకోదు. అందుకని రాంగ్లర్లకు బానెట్ అంచుకు మరలతో బిగించే బ్రాకెట్ తీసుకోండి. లేదా స్టెప్నీ దగ్గర పెట్టే బ్రాకెట్, దాని మీద కింద రేకు అక్కర్లేని అర తరంగం యాంటెన్నా. కొనేముందు విక్రేతను అడగవలసిన మాట ఒక్కటే: 'దీనికి గ్రౌండ్ ప్లేన్ (కింద లోహపు రేకు) కావాలా, వద్దా?' బానెట్ బ్రాకెట్ బిగించేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, రంగు మీదే మర బిగించి వదిలేయడం. మర కొస దిగేచోట రంగు గీకి, లోహం తగిలేలా చూసి, తుప్పు పట్టకుండా కొంచెం గ్రీజు రాయాలి. లేదంటే బయటికి బాగానే ఉంటుంది, మాట పోదు.

'6 డీబీ గెయిన్' అన్న పొడుగాటి యాంటెన్నాల మోజులో పడకండి. గెయిన్ ఎక్కడినుంచో ఊడిపడదు; పైకీ కిందికీ పోయే శక్తిని నొక్కి అడ్డంగా పంపుతుంది, గుండ్రటి పిండిముద్దను అప్పడంలా వత్తినట్టు. చదునైన ఎడారిలో అది లాభమే. మోయాబ్‌లో ముందు బండి గట్టు మీద, వెనక బండి 500 అడుగుల కింద ఉంటే ఆ పల్చటి అప్పడం ఇద్దరినీ తప్పించుకుపోతుంది. కొండల్లో తిరిగేవారికి గెయిన్ లేని పావు తరంగం, లేక 3 డీబీ వరకు ఉన్నది సరైనవి. యాంటెన్నాను నిలబెట్టే మౌంటు మాత్రం ఎన్‌ఎంఓ రకం తీసుకోండి. పైన యాంటెన్నా మర తిప్పి మార్చుకోవచ్చు. హైవే మీద ఒకటి, కొండల్లో ఒకటి.

యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చే తీగ గురించి రెండు మాటలు. సన్నటి ఆర్‌జీ-58 కోయాక్స్ 15 అడుగులు ఉంటే ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు 30 శాతం శక్తి తీగలోనే పోతుంది. కావలసినంత పొడవే తీసుకోండి. తలుపు కింది అంచులో నలిగితే లోపలి తీగ దెబ్బతింటుంది, పైకి తెలియదు. వెనక తలుపు రబ్బరు మెత్తగా ఉన్నచోటి నుంచి లోపలికి తేవాలి. లోపలికి రాకముందు తీగ కొంచెం కిందికి వేలాడేలా వంపు ఇస్తే వాన నీరు అక్కడే కారిపోతుంది. అయస్కాంతం పెట్టే ముందు టాప్ తుడవండి, మట్టి ఉంటే రంగు గీసుకుపోతుంది.

బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె) కొలవాలి. 1.5 లోపు ఉంటే బాగు, 2 వరకు ఫర్వాలేదు, 3 దాటితే మాట్లాడకండి. శక్తి వెనక్కి తిరిగి సెట్టులోని ట్రాన్సిస్టర్‌ను కాలుస్తుంది. సీబీకి అమ్మే మీటరు 27 మెగాహెర్ట్జ్‌దే, ఇక్కడ అది చూపే అంకె తప్పు. 460 ప్రాంతం కొలిచే మీటరు ఒకటి కొంటే అయిదు బండ్లకూ సరిపోతుంది. యాంటెన్నా తగిలించకుండా మైకు బటన్ ఒక్కసారి కూడా నొక్కకండి.

కరెంటు విషయానికొస్తే, 15 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 4, 5 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి సిగరెట్ లైటర్ సాకెట్ తట్టుకుంటుంది. గతుకులకు ఆ ప్లగ్ వదులవుతుంది, అప్పుడు మాట మధ్యలో సెట్టు ఆగి మళ్లీ వెలుగుతుంది. రాళ్ల దారుల్లో ఎక్కువ తిరిగే జీప్‌లకు బ్యాటరీ నుంచే తీగ లాగండి. ప్లస్ తీగలో, బ్యాటరీకి అర అడుగులోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు సెట్టు దగ్గర పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు మంట ఆపేది ఏదీ ఉండదు. ఇప్పటి బండ్లలో మైనస్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో మైనస్ తీగను నేరుగా ఆ టెర్మినల్‌కు కాక బాడీకి బిగించండి, లేకపోతే సెన్సర్ లెక్క తప్పుతుంది. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల వినిపిస్తే అది ఆల్టర్నేటర్ చప్పుడు. ముందు గ్రౌండ్ బిగింపు చూడండి.

సెట్టింగుల్లో చేసే పొరపాట్లే దారిలో ఎక్కువ ఏడిపిస్తాయి. మొబైల్ సెట్లు 8 నుంచి 14 చానళ్లలో పలకవు, ఆ చానళ్లు అరవాటు చేతి సెట్లకే. అందుకని 15 నుంచి 22 లోపు ఒకటి ఖాయం చేసుకోండి, అక్కడ 50 వాట్ల దాకా అనుమతి ఉంది. ఆఫ్‌రోడ్ బండ్లవాళ్లు 16ను ఎక్కువగా వాడతారు, రద్దీగా ఉంటే వేరేది. 'ప్రైవసీ కోడ్' అని రాసినది గోప్యత ఇవ్వదు, మీ మాట అందరూ వినగలరు. అది అవసరం లేని ఇతరుల మాటలు మీ స్పీకర్‌లో రాకుండా ఆపే జల్లెడ మాత్రమే. ఒకరి సెట్టులో వినే వైపు ఆ కోడ్ (దీన్నే టోన్ అంటారు) పెట్టి, మిగతావాళ్లు పెట్టకపోతే ఆ ఒక్కరికి ఏమీ వినపడదు, ఆయన మాట మాత్రం అందరికీ వినిపిస్తుంది! బయల్దేరేముందు అందరూ వినే వైపు టోన్ తీసేయడం నిశ్చింత. పాత ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్లు పిల్లల చేతుల్లో ఉంటే అన్నీ 'న్యారో' (ఇరుకు బ్యాండ్) సెట్టింగులో పెట్టండి. వైడ్, న్యారో కలిస్తే ఒకరి గొంతు గొణుగుడులా, ఇంకొకరిది చీలినట్టు వస్తుంది. ఒకే బండిలో రెండు సెట్లు మోగుతుంటే హోరు పుడుతుంది, చేతి సెట్టు ఆపేయండి. బటన్ నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే 'ఆగండి' అన్నది 'గండి' అని వినిపిస్తుంది.

వరుసలో మంచి యాంటెన్నా ఉన్న బండ్లు మొదట, చివర ఉండాలి. మలుపు తిరిగే ప్రతిసారీ వెనక బండి జవాబు చెప్పాకే ముందుకు కదలండి. రెండు కొసలకూ అందకపోతే మధ్య బండి మాటను అటూ ఇటూ అందించాలి. మోయాబ్ కంటే ముందు ఫీనిక్స్ చుట్టుపక్కల కొండల్లో ఒక పూట దీన్నే సాధన చేయండి. ఒక బండి ఆగిపోయి, రెండోది అరమైలుకోసారి ఆగి పిలుస్తూ పోతే ఎవరి సెట్టు ఎక్కడ చచ్చిపోతుందో కాగితం మీద వస్తుంది.

ఇంకొకటి, పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఈ రేడియో మీ అయిదు బండ్ల మధ్య మాటకే. కాన్యన్ లోపలి నుంచి 911ను పిలిచే సాధనం కాదు, అటువైపు ఎవరూ వింటూ ఉండరు. మోయాబ్ దగ్గరి వైట్ రిమ్ దారి వంద మైళ్ల చుట్టు, దానికి నేషనల్ పార్కు పర్మిట్ తీసుకోవాలి, మధ్యలో నీళ్లూ పెట్రోలూ దొరకవు. అలాంటి దారికి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ కనీసం ఒకటి ఉండాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో శాటిలైట్ ద్వారా ఎస్‌ఓఎస్ పంపే వీలుంది. దేనికైనా ఆకాశం తెరిపిగా కనపడాలి, ఇరుకు లోయలో కొంచెం పైకి ఎక్కి పంపండి.

ఇక ఇండియా. జీఎంఆర్‌ఎస్, ఎఫ్‌ఆర్‌ఎస్ అన్నవి అమెరికా నియమాలు. 462, 467 మెగాహెర్ట్జ్‌లు ఇండియాలో లైసెన్సు లేకుండా వాడే ఫ్రీక్వెన్సీలు కావు. మీ ఎఫ్‌సీసీ లైసెన్సు అక్కడ చెల్లదు. మీ బావమరిది వాళ్లు అక్కడే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపు పనిచేసే, అరవాటు మించని, ఈటీఏ అనే ప్రభుత్వ అనుమతి ఉన్న సెట్లు కొనుక్కోవాలి. 2018 నియమాల ప్రకారం వాటికి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో ఆ అనుమతి లేనివి చాలా ఉండేవి. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాకీటాకీల అమ్మకాలపై ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేముందు ఫ్రీక్వెన్సీ, ఈటీఏ నంబరు అడిగి తీసుకోమనండి. అరవాటుతో బండి నుంచి బండికి కిలోమీటరు లోపే నమ్మకం, కాబట్టి వాళ్లు దగ్గర దగ్గరగా నడుపుకోవాలి. ఎక్కువ దూరం కావాలంటే హ్యామ్ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది.

డిసెంబరులో సామాను సర్దేటప్పుడు మోయాబ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ఇండియాకు వాడితే, దాని అరలన్నీ ఒకసారి తీసి చూడండి. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు ముందస్తు అనుమతి లేకుండా ఇండియాలో ఉంచుకోవడం నేరం. బ్యాగులో మరచిపోయిన చిన్న ఇన్‌రీచ్‌తో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో చిక్కుకున్న ప్రయాణికులు ఉన్నారు. దాన్ని ఫీనిక్స్ ఇంట్లోనే ఉంచండి.